తుపాకీ తీసుకోవడం వేరు, మనిషి మీద ముద్ర వేయడం వేరు

కోచింగ్ కోసం అమీర్‌పేటకు వచ్చే మన పిల్లలు తుపాకీని దగ్గరగా చూసేది పంజాగుట్ట దారిలో ఏ బ్యాంకు గుమ్మం ముందో, గార్డు భుజాన. ఊళ్లో అయితే గుండె ఝల్లుమంటుంది. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. ఎన్నికలప్పుడు మాత్రం నగరంలోని లైసెన్సు ఆయుధాలు పోలీస్ స్టేషన్లకు చేరతాయి. 2023 నవంబర్ 30 పోలింగ్‌కు ముందూ అంతే. ముఖ్యంగా ఎవరివి పరిశీలించాలో ఎన్నికల సంఘమే చెప్పింది: బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, గతంలో అల్లర్లలో పాల్గొన్నవాళ్లు. ఫలితాలు వచ్చాక ఎవరివి వాళ్లకు తిరిగి ఇస్తారు.

మరి ఎన్నికలు లేని రోజుల్లో? ఒకడు తాగొచ్చి భార్యను చంపుతానంటున్నాడు, బీరువాలో తుపాకీ ఉంది. నేరం రుజువయ్యేదాకా ఆగితే శవం లేస్తుంది. ముందే తీసుకోవాలనడంలో నాకు సందేహం లేదు. 1959 ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ఆ అధికారం ఇచ్చింది. ప్రజల భద్రత కోసం లైసెన్సును కొంతకాలం ఆపవచ్చు, రద్దూ చేయవచ్చు. కారణం కాగితం మీద పెట్టాలి, అడిగితే క్లుప్తంగా చెప్పాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. అయితే కారణం బయటపెట్టడం ప్రజాహితం కాదనుకుంటే చెప్పనక్కర్లేదని కూడా ఆ 17లోనే ఉంది. నన్ను కలవరపెట్టేది ఆ మాటే.

ఎందుకంటే ‘ప్రమాదకరమైనవాడు’ అనిపించుకోవడం మనకు కొత్త కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల ఇంట పుట్టినవాడు ఏమీ చేయకముందే దొంగ అయ్యాడు. 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది. 1952లో చట్టం పోయింది గానీ, ఆ ఊరి పేరు చెబితే ఎదుటివాడి ముఖం మారడం పోలేదు. అదే తెల్లదొరలు కొడగులో కొడవలకు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకునే వీలిచ్చారు, అది నేటికీ ఉంది. ఒకరిని పుట్టుకతో నమ్మారు, ఇంకొకరిని పుట్టుకతో అనుమానించారు. రెండు చోట్లా మనిషిని అడిగింది లేదు.

అనుమానం మీద మనిషినే లోపల వేసే ఉత్తర్వులూ హైదరాబాద్‌లో తక్కువ కాదు. 2023 సెప్టెంబర్‌లో అలాంటి ఒకదాన్ని కొట్టేస్తూ సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులను గట్టిగానే మందలించింది.

అమెరికాలోని కనెక్టికట్ 1999లో ఇంకో దారి పట్టింది. ముందు జడ్జి వారంటుతో తుపాకీ తీసుకుంటారు, 14 రోజుల్లోగా అతని మాట వింటారు. తీసుకోవడంలో ఆలస్యం లేదు, వినడంలోనూ పెద్దగా లేదు. నాకు నచ్చింది ఆ రెండోది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ నోటీసు, అప్పీలు అన్నీ లైసెన్సు ఉన్నవాడికే. అడవి పందుల నుంచి చేను కాచుకునే నాటు తుపాకీ దొరికితే తిన్నగా కేసే. నిజానికి పంట రక్షణకు మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాట గూడెంలో ఎవరు చెప్పారు? దరఖాస్తు ఎవరు రాసిపెట్టారు?

ఉపాధ్యాయ మిత్రులారా, మన దగ్గర ఎవరికైనా లైసెన్సు ఆపుతూ కాగితం వస్తే ముందు మూడు సంగతులు చూడండి: కారణం రాశారా, ఎంతకాలమో చెప్పారా, అప్పీలు ఎవరి దగ్గరో ఉందా. కారణం చోట అతని కులం గానీ ఊరు గానీ కనిపిస్తే, అప్పీలు మొదటి వాక్యం అక్కడి నుంచే రాయండి.