కనబడలేదు గనక లేదా?

మా నాన్న సంస్కృత పాఠశాలలో తర్కం చెప్పేవారు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఎలా తేల్చాలో ఏటా కొత్త పిల్లలకి అదే కొండ, అదే పొగ చూపించేవారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కునయ్యాను. పొగ నన్నూ వదల్లేదు. నీలం పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోంది, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది, బండి వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్ళు సిలిండర్లోకి దిగుతున్నాయి. “నువ్వు చేసేదీ అనుమాన ప్రమాణమేరా” అనేవారు నాన్న. అందులో ఓదార్పెంతో, ఎత్తిపొడుపెంతో నాకిప్పటికీ తెలీదు.

అంబాసిడర్ల రోజులవి. ఇంజను బోర్‌కొచ్చిందంటే మొత్తం విప్పి, బ్లాకు బోరింగుకి, క్రాంకు గ్రైండింగుకి, హెడ్డు ఫేసింగుకి పంపాలి. నట్లు బిగించేది నేనే అయినా, ఇంజను బతుకు తేల్చే పని మాత్రం నేను లేనిచోట, నేను చూడని యంత్రాల మీద జరిగేది. పని అయి తిరిగొచ్చిన ఇనుము బల్లమీద మెరుస్తూ ఉంటుంది. బాగుందని నాకెలా తెలియాలి?

నాన్న పుస్తకాల్లో ఇది పాత తగవే. కలిగిన జ్ఞానం దానంతటదే ప్రమాణం, దాన్ని కొట్టిపారేసేది ఎదురయ్యేదాకా నమ్ము అంటారు మీమాంసకులు. అలా కుదరదు, దాన్ని నమ్మి పనిలోకి దిగాక ఫలితం కలిసొస్తేనే నిజమని తేలుతుంది అంటారు నైయాయికులు. బోరింగ్ షాపు వాడి మాట మీద పిస్టన్లు దించేసేవాడు మీమాంసకుడన్నమాట. నేను నైయాయికుణ్ణని మురిసిపోయేవాణ్ణి. ఆ దారిలో ఉన్న చిక్కు మాత్రం ఆలస్యంగా తెలిసింది: ఇంజను విషయంలో ఫలితం తేలేసరికి బండి మన షెడ్డులో ఉండదు, ఎవడో పిల్లాజెల్లాతో హైవే మీద ఉంటాడు.

కొలతలు మాత్రం వదిలేవాణ్ణి కాదు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకి బోరు 2.875 అంగుళాలు. ముప్పై ఓవర్‌సైజు చేయిస్తే 2.905 రావాలి. ఒక్కో సిలిండర్‌కి పైన, మధ్య, కింద మూడుచోట్ల, క్రాంకు పొడవునా, దానికి అడ్డంగా, మొత్తం ఆరు కొలతలు తీసేవాణ్ణి. అదీ బ్లాకు వచ్చిన పూట కాదు, మర్నాడు పొద్దున. బ్లాకు ఇరవై డిగ్రీలు వేడిగా ఉంటే ఆ బోరు దాదాపు పదహారు మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది, అంటే అంగుళంలో వెయ్యో వంతులో, మా షెడ్డు భాషలో తౌలో, సగానికి పైనే. అబద్ధమాడేది షాపువాడు కాదు, వేడి. తర్వాత సబ్బునీళ్ళతో తోమి తెల్లగుడ్డతో తుడవడం. హోనింగ్ రాయి వదిలిన పొడి గీతల్లో దాక్కుని గుడ్డని బూడిదరంగు చేస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోమాల్సిందే. ఈ ఒక్క విషయంలో మా కుర్రాళ్ళు నన్ను తిట్టుకోని రోజు లేదు.

ఇంత చేసీ ఒకసారి బోల్తాపడ్డాను. ఒక టాక్సీ క్రాంకు ట్వంటీ అండర్‌సైజు గ్రైండింగు చేయించాను. బేరింగుల్లో తిరిగే దాని జర్నళ్ళన్నీ మైక్రోమీటరుతో చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగు నెలలకి ఆ క్రాంకు దారిలో రెండు ముక్కలైంది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏం కాలేదు. విరిగిన ముఖం మీద తడి ఇసుకలో అల విడిచిన గీతల్లాంటివి, అన్నీ ఒకే మూల నుంచి బయల్దేరి ఉన్నాయి. జర్నల్ పక్కచెంపని కలిసేచోట గుండ్రంగా ఒంపు ఉంచాలి. ఆ గ్రైండింగులో దాన్ని కత్తితో కోసినట్టు నిటారుగా దించేశారు. బరువంతా ఆ మూలకే చేరి పగులు మొదలైంది.

ఆ ముక్క నాన్నకి చూపించాను. ఆయన క్రాంకు సంగతి అడగలేదు. “ఏం కొలిచావు?” అన్నారు. మందం అన్నాను. “నీ పనిముట్టు ఆ మూలకి వెళుతుందా?” వెళ్ళదు. మైక్రోమీటరు దవడలు జర్నల్ మధ్యలోనే ఆనతాయి. అప్పుడు చెప్పారు, యోగ్యానుపలబ్ధి అంటే ఏమిటో. వెలుతురున్న గదిలో నేలమీద కుండ కనబడకపోతే కుండ లేదనే చెప్పొచ్చు, ఎందుకంటే ఉంటే కనబడి తీరేది. చీకటిగదిలో కనబడకపోతే ఆ మాట అనకూడదు. దోషం కనబడలేదు గనక లేదు అనాలంటే, ఉంటే కనబడేలా ముందు మనం చూసి ఉండాలి. నేను నెలకి పది చీకటిగదుల్లోకి తొంగిచూసి కుండల్లేవని రాసిస్తున్నానని తెలిసింది. తప్పు ఆ షాపుదే, కానీ సంతకం నాది.

మర్నాడే రేడియస్ గేజి కొన్నాను. పగుళ్ళకి ఎర్రరంగు పూసి చూడటం మొదలుపెట్టాను. రోగం కుదరలేదు, ముదిరింది. మైక్రోమీటరు సరిగ్గా ఉందని ఎవరు చెప్పాలి? దాని పెట్టెలో ఉన్న ప్రమాణపు కడ్డీ. ఆ కడ్డీ సంగతి? దాన్ని ఇంకొక దిమ్మెతో పోల్చారు, ఆ దిమ్మెని మరొకదానితో, అలా పోగాపోగా ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ దాకా. తర్కంలో దీన్ని అనవస్థ అంటారు, ఎక్కడా కాలు ఆనని స్థితి. అయితే ఆ గొలుసు చివర కాలు ఆనేది ఇనుము మీద కాదు, ఒక మాట మీద. శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెళ్ళే దూరమే మీటరని 1983లో దేశాలు కూర్చుని ఒప్పుకున్న మాట. నమ్మకం వద్దు, కొలతే కావాలని బయల్దేరినవాడు తిరిగి తిరిగి, ఇంకొకరి మాటే ఆధారమనే శబ్ద ప్రమాణం గుమ్మంలోనే పడ్డాడు.

మాట ఎవరిదైతే నమ్మాలి? ఆప్తుడిది. తానుగా వస్తువుని చూసినవాడు, చూసింది చూసినట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు ఆప్తుడని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడంటాడు. ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం ఒకటేనట. ఆ మూడో పదం నాకు రుచించదు గానీ, అంత పాతకాలంలో ఆ ముగ్గురినీ ఒకే బల్లమీద కూర్చోబెట్టిన ధైర్యం నాకిష్టం. తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు. రెండో షరతు దగ్గరే అందరూ జారిపోతారు.

ఆ తర్వాత నా బ్లాకులు ఒక సాయిబు గారి దగ్గరికి పంపేవాణ్ణి. ఒకరోజు బ్లాకు అప్పజెబుతూ, “మూడో సిలిండర్లో కింద అర తౌ ఎక్కువ పోయింది బాబూ. రాయి ఆగాల్సిన చోట ఆగలేదు, నా పొరపాటే. కొలిచి చూసుకో. వద్దంటే నా డబ్బుతో స్లీవు వేసిస్తా” అన్నారు. మర్నాడు పొద్దున కొలిచాను. నా డయల్‌కి దొరికీ దొరకనట్టు ముల్లు కదిలింది. ఆయన చెప్పకపోతే అది ఆరు కొలతల మధ్య కొట్టుకుపోయేదే. స్లీవు అక్కర్లేదన్నాను. ఆ ఇంజను ఏళ్ళ తరబడి నీలం పొగ లేకుండా తిరిగింది.

సాయిబు గారు పోయారు. కొడుకులకి ఆ పని మీద మనసు లేక షాపు తీసేశారు. ఇప్పుడు వేరేచోటికి పంపుతున్నాను. ఆరు కొలతలూ తీస్తాను, రేడియస్ గేజీ పెడతాను, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోముతాను. కొత్తచోట ఇంతవరకూ ఎవరూ తమ పొరపాటు తాముగా చెప్పలేదు.