మొక్కల బేరం పెట్టబోయే బిడ్డకు

కడియపులంక



ఉత్తరం చివర నువ్వు అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని పెరిగే పూల మొక్కల్ని ఊడదీసి తెచ్చి, కొబ్బరి పీచులో కట్టి అమ్మితే ఎలా ఉంటుందన్నావు. వద్దు తల్లీ. ఆర్కిడ్ పట్నంలో వందల్లో పలుకుతోందని ఫోన్లో చూశానన్నావు, నిజమే. కానీ అంత పలికేది ల్యాబులో గాజు సీసాలో పుట్టి, నీడ షెడ్డులో పెరిగి, కుండీకి అలవాటు పడ్డ మొక్క. మన ఇప్పచెట్టు కొమ్మ మీదున్నది వేరు. దాని వేళ్లు బెరడుకు అతుక్కుని ఉంటాయి, లాగితే సగం అక్కడే తెగిపోతాయి. ఒంట్లో దాచుకున్న నీటితో కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది. కొన్నవాళ్లు మురిసిపోతారు. తర్వాత ముడుచుకుపోతుంది. అప్పటికి డబ్బులు నీ కొంగున ఉంటాయి, మొక్క మాత్రం కొమ్మ మీదా ఉండదు, కుండీలోనూ ఉండదు.

"అడవిలోదాన్ని అడిగేవాళ్లెవరు పెద్దమ్మా" అని కూడా రాశావు. ఎండాకాలం రాగానే తునికాకు కొయ్యడం లేదా అని నీ మనసులో ఉండే ఉంటుంది. కోస్తాం. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక మానక్ బోరా, మన ఛత్తీస్‌గఢ్‌లో బోరాకు 2024 నుంచి 5500 రూపాయలు. అంటే నడుం పడిపోయేలా ఏరి, ఇంటికొచ్చి పేర్చి, తాడు కట్టి, కల్లంలో ఎండబెడితే కట్టకు ఐదున్నర రూపాయలు. ఆ కష్టంతోనే మీ అమ్మ, నేను పుస్తకాలు కొనుక్కుని చదివాం. అయితే ఆకు కోశాం గానీ చెట్టు పీకలేదు. మరుసటి ఏడు అదే మోడు నుంచి మళ్లీ లేతాకు వచ్చింది. ఇప్పపువ్వు కూడా రాలిందే ఏరుకున్నాం. మళ్లీ వచ్చేదాన్ని తీసుకోవడం ఒకటి, ఉన్నదాన్ని వేళ్లతో సహా ఎత్తుకుపోవడం ఇంకొకటి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. అదే చట్టం ఐదో సెక్షన్లో అడవిని, అందులోని జీవాలను కాపాడే పనీ మన మీదే పెట్టింది. మీటింగుల్లో మొదటి సగమే వినిపిస్తుంది, రెండో సగం చదివేవాళ్లు తక్కువ.

మరి ఏం అమ్మాలంటావా? నీ పెరట్లో నీ చేతి కింద ఒకటి రెండైన మొక్కను అమ్ము. మనీప్లాంటుతో మొదలుపెట్టు. దొంగిలించి తెచ్చిందే బాగా అల్లుకుంటుందని ఊళ్లల్లో ఒక మాట ఉంది కదా, ఎవరు పుట్టించారో గానీ ఆ మొక్కకు అంతకంటే అన్యాయమైన పేరు లేదు. దాని పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మొరేయా అనే చిన్న దీవి. అది దాదాపు పూయనే పూయదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ హార్మోన్ తయారుచేసే జన్యువు దానిలో సరిగా పనిచేయడం లేదని 2016లో శాస్త్రవేత్తలు తేల్చారు. పువ్వు లేదు, గింజ లేదు. ఇక మన ఇళ్లలో ఉన్న ప్రతి మనీప్లాంటూ ఎవరో ఒకరు తెంపి పెట్టిన తీగ ముక్కే. ఒక ముక్క ఇవ్వమ్మా అంటే కాదనే ఇల్లాలు ఉండదు. అడిగి తెచ్చుకో. కణుపుకు ఒక వేలెడు కింద కత్తెరతో కోసి, ఆ కణుపు తడి ఇసుకలో మునిగేలా గుచ్చు. గోదావరి ఇసుక మీకు కొదవా? రెండు మూడు వారాల్లో వేరు వస్తుంది. వచ్చిందో లేదో చూడాలని రోజూ పీకి చూడకు. మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది, చాలు.

ఇక్కడి సంగతి చెప్తే నీకు ఇంకా అర్థమవుతుంది. మీ ఊరు దాటి వచ్చిన గోదావరి నీళ్లే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో పారి ఈ నేలను ఇలా చేశాయి. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఎటు చూసినా నర్సరీలే. నర్సరీ అనగానే పల్ల వెంకన్న గారి పేరు చెప్పుకునే ఊళ్లు ఇవి. నర్సరీలో లెక్కలు రాసే పని కాబట్టి నాకు మొక్కలూ తెలుసు, బేరాలూ తెలుసు. తెల్లారేసరికి ఆడవాళ్లు ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి కవర్లు నింపుతూ కూర్చుంటారు. మట్టి వేళ్లతో నొక్కి, అంచు మడిచి, అడుగున నీరు దిగే చిల్లులు ఉన్నాయో లేదో కవరు ఎత్తి చూసి పక్కన పెడతారు. ఆ చూపుకు అర సెకను పడుతుందేమో. చిల్లు లేని కవరు మట్టుకు ఆరు నెలలు పెంచిన మొక్కను కుళ్లబెడుతుంది.

ఈ ఊళ్లోనే పెంచి అమ్మేవాళ్లూ ఉన్నారు, లారీ దింపి లారీ ఎక్కించేవాళ్లూ ఉన్నారు. రెండోది తప్పు కాదు, వ్యాపారమే. కానీ నువ్వు మొదటి రకంలో ఉండు. ఆదాయపు పన్ను చట్టం కూడా నర్సరీలో పెంచిన నారు, మొలక మొక్కల మీద వచ్చిన రాబడిని వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది, 2008లో ఆ వివరణ చేర్చారు. కొని అమ్మేవాడికి ఆ మాట వర్తించదు. నీ చిన్న బేరానికి పన్ను గొడవ ఎటూ రాదులే, చట్టానికి కూడా ఆ తేడా కనిపించిందని చెప్పడానికి రాశాను.

ఎప్పుడైనా ఇక్కడినుంచి మొక్కలు తెప్పించుకున్నా, దిగిన రోజున అమ్మకు. ఇక్కడి గాలిలో తడి ఉంటుంది, షేడ్‌నెట్ కింద మెత్తగా పెరుగుతాయి. మీ దగ్గర ఎండకు, వడగాలికి వారం తిరిగేసరికి అడుగాకులు పసుపెక్కి రాలతాయి. కనీసం పదిహేను రోజులు చూరు కింద నీడన ఉంచి, కొత్త చిగురు వేసిన దాన్నే బయటపెట్టు. చిగురు వెయ్యనిది నీ నష్టం, దాన్ని కొన్నవాళ్ల నెత్తిన రుద్దకు. ఆకు తిరగేసి, కాడ సందులో దూదిలా తెల్లగా పిండినల్లి ఉందేమో చూడు. ఉంటే ఆ కుండీ వాళ్లింటికి వెళ్లి మందారానికీ వంకాయకూ అంటిస్తుంది. ఇక్కడ హైవే మీద బెంగళూరు పోయే కారు ఆపి కొన్నవాడు మళ్లీ కనపడడు. నీ దగ్గర కొన్న టీచరమ్మ వచ్చే అంగడిలో నీకు ఎదురవుతుంది.

నాకు అన్నిటికంటే గుబులు పుట్టించింది వేరే వాక్యం. "మితానిన్‌గా ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతాను కదా, వెళ్లినచోటల్లా మొక్కల మాట కూడా చెప్తాను" అన్నావు. ఆ పని చెయ్యకు. 2002లో మితానిన్ పేరుతో ఊరి ఆరోగ్య కార్యకర్తల కార్యక్రమం మొదలైనప్పుడు, మన ఊరి మనిషే మన గడపలోకి వచ్చి మంచిచెడ్డలు చూస్తుందన్న నమ్మకం మీదే అది నిలబడింది. బాలింత దగ్గర కూర్చుని బిడ్డ బరువు రాసుకున్నాక, సంచిలోంచి మనీప్లాంటు తీస్తే ఆ తల్లి ఏమంటుంది? వద్దు అనలేదు. రేపు మందులకూ, బండికీ నువ్వే దిక్కు అని యాభై రూపాయలు తీసి ఇస్తుంది. అది బేరం కాదు, మొహమాటం వసూలు. నీకు ఆ గడపలు తెరిచింది నీ ఉద్యోగం. డ్యూటీ మీద వెళ్లిన రోజు మొక్కల ఊసు ఎత్తకు. ఎవరైనా తమంతట తాము అడిగితే, ఆదివారం మా ఇంటికి రమ్మను. అమ్మకాలు తగ్గుతాయి. తగ్గనీ.

కొనేవాళ్లు ఎక్కువగా భూపాలపట్నం, బీజాపూర్ క్వార్టర్లలో ఉండే ఉద్యోగస్తులే అయ్యుంటారు. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఇది గాలి శుభ్రం చేస్తుందా అని. అందరూ అమెరికా నాసా పేరు చెప్తారు. ఆ పరీక్ష నివేదిక వచ్చింది 1989లో, పరీక్ష చేసింది గాలి చొరబడకుండా మూసేసిన చిన్న పెట్టెల్లో. ఆ తర్వాత 2019లో ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పలు పరీక్షలు కలిపి లెక్క వేస్తే, కిటికీలోంచి వచ్చే మామూలు గాలి చేసే పని చెయ్యాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. అన్ని మొక్కలు పెడితే మనిషి ఎక్కడ పడుకోవాలి? కిటికీ తెరుచుకోండి, మొక్క కంటికి బాగుంటుంది కాబట్టి కొనుక్కోండి అని చెప్పు. ఈ మాట విని కూడా కొనేవాళ్లు ఉంటారు, నేను చూశాను. అదృష్టం తెస్తుందని అమ్మే లక్కీ బాంబూ ఉందే, అది వెదురే కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా. అడవి నిండా వెదురు చూస్తూ పెరిగినదానివి, దాన్ని వెదురని నువ్వు అమ్మితే నవ్వొస్తుంది.

స్నేక్ ప్లాంట్ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. ఆకుకు పసుపు అంచు ఉన్న రకానికి ధర ఎక్కువ. ఆకును ముక్కలు కోసి ఇసుకలో గుచ్చితే ప్రతి ముక్కా బతుకుతుంది, ఒక్క ఆకుకు ఐదారు పిల్లలు వస్తాయి. కానీ వచ్చిన పిల్లలకు ఆ పసుపు అంచు ఉండదు, ఉత్త ఆకుపచ్చగా వస్తాయి. అంచు నిలవాలంటే దుంపను విడదీసి పెట్టాల్సిందే, దానికి కాలం పడుతుంది. పిల్ల బయటికి రాకముందే, కోసిన పసుపు అంచు ముక్కలనే కుండీలో నిలబెట్టి ఆ రకం ధరకు అంటగట్టేవాళ్లు ఉన్నారు. కొన్నవాళ్లకు ఏడాది తర్వాత గానీ తెలియదు. గింజ మొక్కను అంటు మామిడి అని ఇచ్చి పంపడం ఇంకా పెద్ద దగా, నాలుగైదేళ్లు నీళ్లు పోశాక బయటపడుతుంది. అలా మోసపోయిన ఒక ముసలాయన మా కౌంటరు ముందు నిలబడి, బిల్లు చూపించి, అరవకుండా, "ఈ ఐదేళ్లు ఎవరిస్తారమ్మా" అన్నాడు. ఆ మొక్క మా దగ్గరిది కాదు, వేరే చోట కొన్నది. అయినా జవాబు చెప్పలేక తల దించుకున్నాను.

డైఫెన్‌బేకియా అడుగుతారు, పెద్ద ఆకుల మీద తెల్ల మచ్చలతో అందంగా ఉంటుంది. దాని ఆకు నమిలితే కాల్షియం ఆక్సలేట్ సూదులు నాలుకకు గుచ్చుకుని నోరు వాస్తుంది. పాకే పిల్లలున్న ఇంటికి, మేకలు వాకిట్లోకి వచ్చే ఇంటికి అది ఇవ్వకు. ఏ ఇంట్లో పాకే పిల్లలున్నారో నీకంటే బాగా ఎవరికి తెలుసు? నీ ఉద్యోగం వల్ల తెలిసిన సంగతి అమ్మడానికి వాడకు అన్నాను గానీ, అమ్మకుండా ఉండటానికి వాడుకోవచ్చు. గుర్రపుడెక్క కూడా తొట్లలో పెట్టి అమ్ముతున్నారు, ఊదా పువ్వు బాగుంటుందని. అలా పువ్వు చూసి దక్షిణ అమెరికా నుంచి తెచ్చినదే, ఇప్పుడు మా కాలువల్లో నీళ్లు కనపడనివ్వడం లేదు. మీ చెరువులోకి దాన్ని నీ చేత్తో తీసుకెళ్లకు.

నీళ్ల మాట రాయకపోతే మీ అమ్మ కోప్పడుతుంది. మే నెలలో బోరింగు దగ్గర బిందెల వరస ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ వరసలో నిలబడి మొక్కల కోసం నీళ్లు పట్టకు. బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి కుండలో పోసి ఉంచి, సాయంత్రం ఎండ దిగాక పొయ్యి. ఆ నీళ్లకు ఎన్ని మొక్కలు బతుకుతాయో అన్నే పెట్టు. నువ్వు డ్యూటీకి వెళ్లినప్పుడు నీళ్లు పోసేది, కోళ్లను అదిలించేది మీ అమ్మే కదా. లెక్క పుస్తకంలో కవర్లు, ఎరువు, బస్సు ఛార్జీ రాస్తావు సరే, అమ్మ పేరున ఒక గడి గీసి కూలి కూడా రాయి. అది తీసేశాక ఏమైనా మిగిలితే అదీ నీ లాభం. ఏమీ మిగలకపోతే, ఇన్నాళ్లూ లాభం అనుకున్నది అమ్మ కష్టమే అన్నమాట.

బిహాన్ మహిళా పొదుపు సంఘంలో అప్పు తీసి ఒకేసారి వంద మొక్కలు తెప్పిస్తానన్నావు. మొదటి ఏడాది అప్పు వద్దు. వానాకాలంలో టేకులగూడెం దగ్గర గోదావరి పొంగి రోడ్డు మునిగిందంటే ఎన్నాళ్లకు తేలుతుందో చెప్పలేం. ఇటు నుంచి సరుకు రాదు, నీ సరుకు అటు కదలదు, కిస్తీ మాత్రం ఆగదు. సంఘంలో నీ కిస్తీ ఆగితే మిగతా ఆడవాళ్ల పేరు కూడా చెడుతుంది.

మీ పెదనాన్న దసరా దాటాక భద్రాచలం లోడు వేస్తారట. అక్కడి నుంచి చర్ల, వెంకటాపురం, వాజేడు మీదుగా వచ్చే వ్యాను ఒకటి మాట్లాడతానన్నారు. తల్లి మొక్కలే పంపుతాను. మనీప్లాంటు రెండు రకాలు, పసుపు అంచు స్నేక్ ప్లాంట్ మూడు కుండీలు, కొన్ని కలబందలు. డైఫెన్‌బేకియా లేదు. కవర్లు ఒక కిలో పెడుతున్నాను, వాడేముందు చిల్లులు చూసుకో. వీటికి నర్సరీ ధరే రాశాను, బిల్లు సంచిలోనే ఉంటుంది. నాకు డబ్బు తొందరేమీ లేదు గానీ ఇవ్వాలి, మొదటి అమ్మకాలు అయ్యాక ఫోన్‌పే చెయ్యి. వాజేడులో వ్యాను దగ్గరికి ఎవరు వస్తారో పేరు, నంబరు ముందే పంపు, డ్రైవరు రాత్రిపూట ఆగనంటున్నాడు.

మీ అమ్మకు, తమ్ముడికి నా దీవెనలు.

మీ పెద్దమ్మ