కలం కూలి

నాలుగేళ్ల క్రితం మా పట్టణంలో జరిగిన ఒక సాహిత్య సభకు నేను అధ్యక్షత వహించాను. వచన రచయిత సామాజిక బాధ్యత అనేది ఆనాటి చర్చనీయాంశం. ఉపన్యాసాలు ముగిసిన తరువాత వెనక వరుసలో ఒక యువకుడు లేచాడు. నా పూర్వ విద్యార్థి. చేనేత కుటుంబాల అప్పులను గురించి, మగ్గం గుంటలలో కూర్చుని కీళ్లు అరిగిపోయినవారిని గురించి వూరూరా తిరిగి వ్యాసాలు రాసినవాడు. అతడు అడిగింది ఒక్కటే: "సార్, నావి తొమ్మిది వ్యాసాలు అచ్చయినాయి. బస్సు ఖర్చులు కూడా రాలేదు. రాసినందుకు యింత యివ్వండి అని అడిగే హక్కు రచయితకు వుందా, లేదా?"

సభ నవ్వింది. నేనూ నవ్వి, "సాహిత్య సభలో బేరసారాలెందుకు నాయనా!" అన్నాను. చప్పట్లు మోగాయి. అతడు కూర్చున్నాడు.

ఆ చప్పట్లు ఎవరి తరఫున మోగినట్లు? ఈ వ్యాసానికి కారణం ఆ ప్రశ్నే.

రచనకు ప్రతిఫలం కోరటం నీచమనే భావం మనలో బలంగా వున్నది. దానికి మనం పోతనను సాక్ష్యంగా పిలుస్తాం. ఆయన తన కావ్యాన్ని రాజులకు అంకితమివ్వలేదు, నిజమే. అయితే ఆయన హాలికుడని చెప్పే సంప్రదాయమే ఇంకొక సంగతి కూడా చెబుతున్నది. ఆ నిరాకరణ వెనుక ఒక నాగలి వుంది. రెండవవైపు, కనకాభిషేకం పొందిన శ్రీనాథుడు చివరి రోజులలో దారిద్ర్యం అనుభవించాడని చాటువులు చెబుతాయి. ఎందుకని? కనకాభిషేకం కానుకే గాని కూలి కాదు. కానుక దాత ఇష్టం. దాత పోతే అదీ పోతుంది. కూలి హక్కు. రాజులు పోయినా మన సభలలో శాలువా మిగిలింది. శాలువా కప్పించుకోవటానికి వంగే మనం కూలి మాట వచ్చేసరికి నిటారుగా నిలబడి ముఖం చిట్లిస్తాం.

ఇందుకు భిన్నమైన సభలు అమెరికాలో వున్నాయి. అక్కడ ఏ పత్రికలోనూ నెలజీతం లేకుండా వ్యాసాలూ, శాస్త్ర విషయాలూ, జీవిత చరిత్రలూ రాసి బ్రతికే ఫ్రీలాన్స్ రచయితలు 1948లో ఒక సంఘం పెట్టుకొన్నారు. ఇప్పుడు దాని పేరు అమెరికన్ సొసైటీ ఆఫ్ జర్నలిస్ట్స్ అండ్ ఆథర్స్. వారి వార్షిక సదస్సులు చాలాకాలం న్యూయార్కులో జరిగాయి. సంపాదకుడికి ప్రతిపాదన ఎట్లా పంపాలి, ఒప్పందపత్రంలో ఏ వాక్యం దగ్గర ఆగి చదవాలి అన్నవి అక్కడి చర్చలు. ముందుగా సమయం తీసుకొని సంపాదకులతో, ఏజెంట్లతో కొద్ది నిమిషాలు ముఖాముఖి మాట్లాడే ఏర్పాటు కూడా వుంటుంది. దీన్ని సంత అని వెక్కిరించటం తేలిక. కాని సంతకు వచ్చిన రైతుకు తన ధాన్యం ధర తెలుసుకోవాలన్న ధ్యాస వుంటుంది. నా విద్యార్థికి ఆ మాత్రం సమాచారం యిచ్చే చోటు కూడా మనం చూపలేదు.

అలాగని ఆ సదస్సును ఆదర్శంగా నిలబెట్టటం నా వుద్దేశం కాదు. అమెరికా చట్టం దృష్టిలో ఇట్టి రచయిత కార్మికుడు కాడు, సొంత వ్యాపారి. కార్మికులు ఏకమై కూలి అడిగితే అది సమిష్టి బేరం. వ్యాపారులు ఏకమై "ఇంతకు తక్కువకు అమ్మం" అంటే అది ధరలు కట్టడి చేసే కుట్ర. కాబట్టి సదస్సులో వెయ్యిమంది పక్కపక్కనే కూర్చున్నా, బేరం దగ్గరకు ఎవరికి వారే వెళ్లాలి. సభ సామూహికం, బేరం ఒంటరిది.

ఈ ఒంటరితనం ఫలితమేమిటో 2001 నాటి తాసిని కేసు చూపింది. ఫ్రీలాన్స్ రచయితల వ్యాసాలను వారి అనుమతి లేకుండా ఎలక్ట్రానిక్ భాండాగారాలలో చేర్చటం చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. రచయితలు గెలిచారు. కాని తీర్పు వచ్చేనాటికే, ఆ హక్కులను ముందుగానే రాయించుకొనే ఒప్పందాలు పరిపాటి అయినాయి. న్యాయస్థానంలో కలిసి గెలిచిన హక్కును సంపాదకుడి బల్లముందు ఒక్కొక్కరూ సంతకం పెట్టి పోగొట్టుకొన్నారు. ఇది మార్చరాని విధి కాదు. ఐర్లండు 2017లో చట్టం సవరించి, ఫ్రీలాన్స్ జర్నలిస్టులు సమిష్టిగా బేరమాడే వీలు కల్పించింది.

కొందరు మిత్రులు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు: వెల కట్టిన కలం కొనేవాడి మాటే రాస్తుంది కదా? ఆ ప్రమాదం లేదనను. అయితే వెల కట్టని కలం సంగతి చూడండి. కథను ఇంటి అరుగుమీద కూర్చుని రాయవచ్చునేమో గాని, మగ్గం గుంటను గురించిన వ్యాసం ఇంట్లో పుట్టదు. దానికి బస్సు చార్జీ కావాలి, పనిమానిన రోజులు కావాలి. ఆ ఖర్చు పత్రిక భరించకపోతే మరొకరు భరిస్తారు. గ్రామీణ విలేఖరిని రాతకు డబ్బు ఇవ్వకుండా ప్రకటనలు తెమ్మనే పత్రికలున్నాయి. ప్రకటన యిచ్చిన ఆసామిపై అతడు ఏం రాయగలడు? కూలి లేని కలమే తేలికగా అమ్ముడుపోతుంది. అమ్ముడుపోనివాడు రాయటం మానుకొంటాడు. అప్పుడు దేశంలోని కష్టాన్ని గురించి రాసేవారు ఎవరు మిగులుతారు? వేరే రాబడి వున్నవారు. అంటే నావంటివారు.

ఇదే నన్ను బాధించే విషయం. ఆనాటి నా నిస్స్వార్థత వెనుక ప్రతినెలా ఒకటవ తేదీ వుంది. పోతనకు నాగలి, నాకు జీతం. ఆ కుర్రవాడి వెనుక ఏముంది? నా జీతం బలంతో అతడికి త్యాగం బోధించాను.

1936లో లక్నోలో అభ్యుదయ రచయితల మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అంతకు రెండేళ్ల ముందు అచ్చుయంత్రం అప్పులు తీర్చటానికి బొంబాయి సినిమా కంపెనీలో కొలువుకు వెళ్లవలసి వచ్చినవాడు. రచయిత ఎవరికోసం రాయాలో చెప్పిన మనిషికి, రచయిత దేనితో బ్రతకాలన్న చిక్కు పరాయిది కాదు. 1943లో తెనాలి మహాసభనాటి నుండి మనం మొదటి ప్రశ్నను శ్రద్ధగా చర్చించుకొన్నాం. రెండవదాన్ని గుమ్మం బయట చెప్పులతోపాటు వదిలి లోపలికి వస్తున్నాం. న్యూయార్కు సదస్సు వెల నేర్పుతుంది. కలిసి అడగటం నేర్పలేకపోతున్నది. మన సభ కలవటం నేర్పింది. అడగటం సిగ్గు అంటున్నది.

అతడిప్పుడు ఒక ఫైనాన్సు కంపెనీలో వాయిదాలు వసూలు చేస్తున్నాడు. తాను ఎవరి అప్పులను గురించి రాశాడో ఆ వీధులకే వెళుతున్నాడు. మొన్న బస్టాండులో కనబడి నమస్కరించాడు. "ఏమైనా రాస్తున్నావా?" అని అడిగాను. "రశీదులు రాస్తున్నాను సార్" అన్నాడు.

వచ్చే సభ ఆహ్వానపత్రం ముసాయిదా నా బల్లమీద వుంది. ఉపన్యాసాల పట్టికలో మొదటి అంశంగా అతడి ప్రశ్ననే, అతడి మాటలలోనే వేశాను. శాలువాలకు కేటాయించిన సొమ్మును, వచ్చి మాట్లాడేవారి దారిఖర్చులకు మార్చమని కార్యవర్గాన్ని కోరాను. పెద్దలు కొందరు అప్పుడే నొచ్చుకొన్నారు. అతడు వస్తాడో రాడో చెప్పలేను. వస్తే, ఈసారి నవ్వకుండా వినవలసిన బాధ్యత మాత్రం అధ్యక్షుడిది.