తిరుగు టికెట్టు ఎవరి చేతిలో

పరదేశయానాన్ని సాహసంగా చెప్పుకోవడం వెనుక ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది. అది ఎంత సహజంగా ఇమిడిపోయి ఉంటుందంటే, చాలామంది యాత్రికులు దాన్ని షరతుగా గుర్తించనైనా గుర్తించరు. బయలుదేరిన మనిషి తాను తలచుకున్నప్పుడు ఇంటికి తిరిగి రాగలగాలి. దూరమూ, తెలియని భాషా, ఎండా, ఒంటరితనమూ సాహసానికి రంగునిచ్చేవే గాని, దానికి ఆధారం ఈ తిరుగు దారి. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి మరుసటి ఏడాది క్షేమంగా ఇల్లు చేరారు గనుకనే తెలుగులో యాత్రాచరిత్రకు పునాది పడింది. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండు చూసి వచ్చి, 1876లో మద్రాసు నుంచి ఆ అనుభవాలను పుస్తకంగా వెలువరించగలిగారంటే, ఆమె ధైర్యంతోపాటు వెళ్ళి రావడానికి ఆమెకున్న వెసులుబాటును కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది. యాత్రాసాహిత్యమంతా తిరిగి వచ్చినవారు రాసినదే.

ఈ షరతును పరీక్షించి చూడడానికి సౌదీ అరేబియా రాజధాని రియాద్ కంటే తగిన చోటు దొరకడం కష్టం. తెలుగు నేల నుంచి అక్కడికి వెళ్ళిన యువతుల్లో కంప్యూటర్ ఇంజనీర్లున్నారు, ఉపాధ్యాయినులున్నారు, భర్త ఉద్యోగం వెంట కుటుంబ వీసా మీద వెళ్ళి అక్కడే పని వెతుక్కున్నవారూ ఉన్నారు. వారి సంగతి వేరే వ్యాసానికి చెందుతుంది. ఇక్కడ ఆలోచింపజేసేది ఇద్దరు: ఆసుపత్రిలో పనిచేసే స్టాఫ్ నర్సు ఒకరు, ఇంట్లో పనిచేసే ఖద్దామా మరొకరు. గల్ఫ్ దేశాల్లో ఇంటి పనిమనిషిని ఆ పేరుతోనే పిలుస్తారు. కడప వైపు, కోనసీమ వైపు పల్లెల్లో ఆ మాటను ఇప్పుడు ఎవరూ అర్థం అడగరు. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూర్చుని వెళ్ళినా, దిగిన తరువాత వీరిద్దరూ రెండు వేరు వేరు చట్టాల కిందికి వెళ్ళిపోతారు.

నర్సు ప్రయాణం కాగితాలతో మొదలవుతుంది. చదువు, అనుభవం పత్రాలు నిజమైనవేనా అని మూలసంస్థల నుంచి నిర్ధారించే డేటాఫ్లో తనిఖీ, కంప్యూటర్ మీద రాసే ప్రొమెట్రిక్ పరీక్ష, సౌదీ ఆరోగ్య వృత్తుల కమిషన్ అర్హత పరిశీలన, ఇవన్నీ దాటాక గాని వీసా చేతికి రాదు. భారత ప్రభుత్వం 2015లో మరో మెట్టు చేర్చింది: సౌదీతో సహా 18 దేశాలకు వెళ్ళే నర్సులందరూ, పదో తరగతి దాటినవారికి సాధారణంగా అక్కరలేని వలస అనుమతిని తప్పనిసరిగా తీసుకోవాలనీ, నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలనీ మొదట నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంకాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఇలా విదేశీ నియామకాలు చూసే ప్రభుత్వ సంస్థలే. ఇంత వడపోత జరిగాక రియాద్ చేరిన నర్సుకు మొదట కనిపించే నగరం చాలా చిన్నది. హాస్టలు గేటు, తెల్లవారుజామున వచ్చే ఆసుపత్రి బస్సు, పన్నెండు గంటల డ్యూటీ, మళ్ళీ అదే బస్సు.

ఆ నగరం కొన్నేళ్ళలోనే ఆమె కళ్ళెదుటే విప్పారింది. వీధుల్లో మగవారితో కలిసి నిలబడడం చిక్కులు తెస్తుందని దర్శకురాలు హైఫా అల్ మన్సూర్ 2012 నాటి ‘వజ్‌దా’ చిత్రాన్ని రియాద్‌లో చాలావరకు వ్యానులో కూర్చుని తీయవలసి వచ్చింది; ఆ కథ సైకిలు తొక్కాలనుకున్న ఒక ఆడపిల్లది. 2018 జూన్ 24 నుంచి స్త్రీలు కారు నడపడం మొదలైంది, 2019 డిసెంబరులో హోటళ్ళకు స్త్రీలకూ కుటుంబాలకూ వేరే ద్వారం ఉండాలన్న నిబంధన పోయింది, 2024 డిసెంబరు 1న మెట్రో నడక మొదలుపెట్టింది. ఆరు లైన్లు, 85 స్టేషన్లు, 176 కిలోమీటర్లు ఉన్న ఆ మెట్రోలో నాలుగు రియాళ్ళ టికెట్టు రెండు గంటలపాటు చెల్లుతుంది. నీలం లైను ఒలయా అద్దాల భవంతుల కింద నుంచి సాగి బథా మీదుగా, అంటే దక్షిణాసియా కూలీల పాత బజారు మీదుగా పోతుంది. సెలవు రోజు సాయంత్రం కుటుంబాల పెట్టెలో ఒంటరిగా కూర్చుని, బథాలో దిగి, కరివేపాకూ చింతపండూ కొనుక్కుని తిరిగి వచ్చే నర్సు చేసే ప్రయాణం కిలోమీటర్లలో స్వల్పమే. కాని ఎవరినీ అడగకుండా వెళ్ళి, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా రావడం అలాంటి నర్సుల్లో చాలామందికి సొంత ఊళ్ళోనైనా అనుభవంలో లేని విషయం. రియాద్ స్వేచ్ఛ ఇచ్చిందనడం సులభం. ఆమె జీతం, ఆమె అకామా (అంటే నివాస అనుమతి కార్డు), 2021 మార్చిలో అమలైన కార్మిక సంస్కరణ కలిసి ఇచ్చాయనడం సరైన మాట. ఆ సంస్కరణ వల్ల యజమాని సంతకం లేకుండానే ఫోనులో దరఖాస్తు పెట్టుకుని దేశం దాటి వచ్చే వీలు ఆమెకు కలిగింది.

ఇంటిపని చేసేవారిని ఆ సంస్కరణ తన పరిధిలోకి తీసుకోలేదు. వారు కఫీల్ వ్యవస్థ కిందే మిగిలారు. కఫీల్ అంటే వలస వచ్చిన మనిషి ఉనికికి చట్టం ముందు పూచీ పడే యజమాని; అతని ప్రమేయం లేకుండా పని మారడం గాని, దేశం విడవడం గాని కుదరనిది ఈ ఏర్పాటు. ఇంటిపనివారి కోసం సౌదీ ప్రభుత్వం 2013లో చేసిన నిబంధనలు రోజుకు తొమ్మిది గంటల విశ్రాంతి, వారానికి ఒక సెలవు అన్నాయి. తక్కిన పదిహేను గంటల మాటేమిటని అడిగేవారు లేకపోయారు. 2024లో వచ్చిన కొత్త నియమావళి పనిని పది గంటలకు కుదించింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదన్న నిబంధనా ఉంది. అయితే ఎత్తైన ప్రహరీ ఉన్న విల్లాలో, వంటింటి పక్క గదిలో, ఈ నిబంధనలను చదివి వినిపించేవారెవరు? అక్కడ యజమానురాలిని ‘మామా’ అనీ, యజమానిని ‘బాబా’ అనీ పిలవాలి. చట్టం ఉద్యోగమంటున్న సంబంధాన్ని ఆ పిలుపులు చుట్టరికంలా నటింపజేస్తాయి, చుట్టాలింట్లో పనిగంటలు లెక్కపెట్టడం మర్యాద కాదు గదా.

ఇక్కడ భారత ప్రభుత్వం చేసిన పని కూడా విచారించదగినది. పదో తరగతి లోపు చదువుకున్న స్త్రీ ముప్పై ఏళ్ళు నిండనిదే ఆ 18 దేశాలకు ఇంటిపనికి వెళ్ళరాదని నియమం పెట్టారు. ఉద్దేశం రక్షణే. కాని ఇంట్లో అప్పూ, తాగుబోతు మొగుడూ, పసిపిల్లలూ ముప్పై ఏళ్ళ దాకా ఆగరు. ఏజెంటుకు అది తెలుసు. వయసు పెంచిన కాగితాలూ, విజిట్ వీసా మీద పక్క దేశం మీదుగా మళ్ళించే దారులూ అందుకే పుట్టాయి. ఆ దారిన వెళ్ళిన స్త్రీ పేరు ప్రభుత్వ రికార్డులో ఉండదు, 2014 జనవరిలో ఇంటిపనివారి కోసం భారత, సౌదీ ప్రభుత్వాలు కుదుర్చుకున్న ఒప్పందమూ ఆమెకు అక్కరకు రాదు. యౌవనాన్ని చట్టం అపాయంగా చూసింది, కుటుంబం ఆదాయంగా చూసింది. ఈ రెండు చూపుల మధ్య ఆ యువతి సొంత కోరిక ఏమిటో అడిగే చోటు ఎక్కడా లేదు.

అందుకే ఆమె కథ తెలుగులో యాత్రాచరిత్రగా కనిపించదు, అర్జీగా కనిపిస్తుంది. రాయబార కార్యాలయానికో, 2015లో భారత విదేశాంగ శాఖ ప్రారంభించిన ‘మదద్’ ఫిర్యాదుల వేదికకో పంపే ఆ అర్జీలో పేరు, పాస్‌పోర్టు నంబరు, కఫీల్ ఫోను నంబరు, రావలసిన జీతం ఉంటాయి. పారిపోయిందని యజమాని నమోదు చేయించే ‘హురూబ్’ గురించీ, పాస్‌పోర్టు లేనివారిని ఇంటికి పంపే తాత్కాలిక పత్రమైన ఔట్‌పాస్ గురించీ ఉంటుంది. ఏమి చూసిందో ఉండదు. బడికి వెళ్ళని స్త్రీ కొన్ని నెలల్లో పసిపిల్లల దగ్గర అరబ్బీ నేర్చుకుని వారి తల్లితో వాదించగలగడం, రంజాన్ రాత్రుల్లో తెల్లవార్లూ సాగే వంటలో కబ్సా మసాలా పాళ్ళు ఒంటబట్టించుకోవడం, తన బిడ్డను వీడియోలో చూస్తూ మరొకరి బిడ్డకు జోల పాడడం, ఇవేవీ అర్జీలో పట్టవు. కష్టాన్ని నమ్మించడానికి ఆమె తన అనుభవంలోని తక్కిన భాగాన్ని దాచుకోవలసి వస్తుంది. పాఠకుడు కూడా కన్నీళ్ళున్నంత మేరకే ఆమెను వింటాడు. ఈ అన్యాయంలో పత్రికలకూ, పండితులకూ వాటా ఉంది.

తిరిగి వచ్చినవారిలో కొందరు మళ్ళీ గల్ఫ్‌కే బయలుదేరడం చూసి ఊరివాళ్ళు ఆశ అంటారు, వలస మీద రాసేవారు గత్యంతరం లేకపోవడం అంటారు. రెండూ కొంతవరకు నిజమే కావచ్చు. కాని రెండోసారి వెళ్ళే స్త్రీ ఏజెంటు ముందు కూర్చున్న తీరు వేరు. మొదటిసారి ఆమె జీతమెంత అని మాత్రమే అడిగి ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో ఎందరు మనుషులు, ముసలివాళ్ళున్నారా, ఫోను తన దగ్గరే ఉండనిస్తారా, జీతం ఏ తేదీన ఎవరి ఖాతాలో పడుతుంది, అకామా ఎన్నాళ్ళలో తీస్తారు, రెండేళ్ళు నిండాక ఎగ్జిట్ వీసా ఎవరు వేయిస్తారు, టికెట్టు ఎవరు కొంటారు అని ఒక్కొక్కటే అడిగి, జవాబు నచ్చకపోతే పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని మరో ఏజెంటు దగ్గరికి వెళ్తుంది.