గుడ్డు పెంకుకు పెట్టిన పేరు

చలికాలపు రాత్రుల్లో ఒరాయన్ వేటగాడి పాదం దగ్గర్నుంచి పడమటికి సాగే మసక చుక్కల వరుసను ఎరిడానస్ నది అంటారు. అందులో కంటికి కష్టంగా ఆనే ఒక చుక్క ఉంది. సూర్యుడికన్నా చిన్నది, చల్లనిది. నారింజ రంగు మరుగుజ్జు తార. మనకు పదహారు కాంతి సంవత్సరాల దూరం. ఇంగ్లీషు అక్షరాలు చూసి చదివితే దాని పేరు కీడ్.

తెలుగు చెవికి అది కీడు. ఉర్దూ చెవికి ఖైదు. పాపం, రెండూ కాదు. అరబ్బీలో చివరి అక్షరం వేరు, అర్థమూ వేరు. పిల్ల బయటికొచ్చాక మిగిలే గుడ్డు పెంకు అది. ఎడారి అరబ్బులు ఆ దిక్కున నిప్పుకోళ్ళ గూడు చూశారు. కొన్ని చుక్కలు గుడ్లు, కొన్ని పెంకులు. ఇలాంటి అరబ్బు పేర్లను 964లో అబ్దుర్రహ్మాన్ సూఫీ గ్రీకుల లెక్కల పక్కనే రాసిపెట్టాడు. ఆయన పారశీకుడు, రాసింది అరబ్బీలో. గుంపుకు పెట్టిన పేరు పోనుపోను ఒక్క చుక్కకే అతుక్కుంది. 2016లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దాన్ని ఖాయం చేసింది. అదీ మూడు తారల కుటుంబంలో పెద్దదానికే. 1783లో విలియం హెర్షెల్ చూసిన తోడు జంటకు ఆ పేరులో వాటా లేదు. ఆ జంటలో ఒకటి తెల్ల మరుగుజ్జు. 1910లో శాస్త్రజ్ఞుల్ని తికమక పెట్టింది అదే, అయినా సరే.

మనోళ్ళ పేరు ఆకాశంలో నిలిచిందని మురిశాను, ఒప్పుకుంటాను. తర్వాత అనుమానమొచ్చింది. ఆ పేరు చివరి అక్షరం జ్వాద్. మన ఉర్దూ నాలుక మీద అది 'జ'యే. రమదాన్‌ను రంజాన్ చేసుకున్నది మనమే. లాటిన్‌లో రాసినవాడు దాన్ని 'డ' చేస్తే తప్పుపట్టే హక్కు నాకెక్కడిది?

మరి మా అమ్మీ సంగతి? ఆమె పేరులోనూ ఆ జ్వాదే ఉంది. ఒక ఆఫీసు రిజిస్టరులో రాసినతను ఆమెను అడగలేదు. తనకు తెలిసిన ఇంకేదో పేరు రాసేశాడు. దిద్దమని నాలుగుసార్లు తిరిగాం. "మీ పేర్లు మాకు నోరు తిరుగుతాయా?" అన్నాడు. తిరక్కపోతే తప్పేం లేదు. పక్కింటి ముసలమ్మ కూడా అమ్మీ పేరును తన నోటికొచ్చినట్టే పిలిచేది. అమ్మీ నవ్వుతూ పలికేది. ఆ ముసలమ్మ పిలిచింది అమ్మీనే. రిజిస్టరు పిలిచింది ఇంకెవరినో.

చుక్కకు చెవుల్లేవు. కీడన్నా ఖైదన్నా దాని వెలుగు తగ్గదు, పింఛను ఆగదు. కనుక శుద్ధమైన ఉచ్చారణ నా గొడవ కాదు. రంజాన్ అనకూడదని ఇప్పుడు మన కుర్రాళ్ళే కొందరు మనకు నేర్పుతున్నారు. వాళ్ళూ మనల్ని అడగడం లేదు. రాసే ముందు "నీ పేరేంటమ్మా?" అని అడిగారా లేదా అన్నదే నా గొడవ.

ఆ నెల వరసలో గుమస్తా ఆ తప్పు పేరే పిలిచాడు. అలాంటామె ఎవరైనా ఉందేమోనని అమ్మీ ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని లేచి వెళ్ళింది.