తాగి నడిపినవాడి తప్పును తఖ్దీర్ మీద మోపవచ్చా?

పోలవరం నుంచి గూటాల, తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు వచ్చే దారి చాలామేర గోదావరి గట్టు వెంబడే సాగుతుంది. ఒక పక్క ఏరు, మరో పక్క పల్లం. పైగా ప్రాజెక్టు పనుల లారీలు, టిప్పర్లు. ఇలాంటి దారిలో రాత్రివేళ ఒకడు తాగి బండి నడిపితే ఏమవుతుందో గట్టు మీద తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు. చెప్పవలసిన సంగతి మరొకటుంది. అలాంటి చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినవారు తరచుగా ఒక మాట అంటారు: "అంతా అల్లాహ్ రాత. వాడు మాత్రం కావాలని చేశాడా?"

ఈ మాటలో సగం విశ్వాసం, సగం అన్యాయం కలిసి ఉన్నాయి. రెంటినీ వేరుచేసి చూద్దాం.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళుతున్న బస్సు రోడ్డుపై పడి ఉన్న బైకును ఢీకొని ఈడ్చుకుపోయింది. మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు కాలి చనిపోయారు. అంతకు కొద్దిసేపటి ముందే ఆ బైకు నడిపిన యువకుడు అదుపు తప్పి పడి మరణించాడు. అతను మద్యం సేవించి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. బస్సు వైపు లోపాలు లేవని కాదు, మొత్తం పాపం ఒక్కడిదేనని అనడమూ మన ఉద్దేశం కాదు. ఆ యువకుడికి ఆ 19 మందిలో ఎవరూ తెలియరు. ఎవరినీ చంపాలని అతను బయలుదేరలేదు. కాని తాను తాగానన్న సంగతి మాత్రం అతనికి తెలుసు. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది.

ఉద్దేశం లేకపోతే నేరం లేదా?

దివ్యఖుర్ఆన్ మద్యాన్ని ఒక్కసారిగా కాక దశలవారీగా నిషేధించింది. అన్నిసా సూరా 43వ ఆయతులో, మత్తులో ఉన్నవారు తాము పలికేది తమకు తెలిసేంతవరకు నమాజు దరికి రాకూడదని ఆజ్ఞ వచ్చింది. ఆ తరువాత అల్ మాయిదా 90, 91 ఆయతులలో సంపూర్ణ నిషేధం వచ్చింది. మొదటి ఆజ్ఞను ఒక్క క్షణం ఆలోచించండి. మత్తులో నమాజు చేసేవాడు ఏమి పాడుచేసుకుంటాడు? తన నమాజునే. అక్కడికే అతన్ని రానివ్వకపోతే, ఇతరుల ప్రాణాలు తన చేతిలో ఉండే స్టీరింగు దగ్గరకు ఎలా రానిస్తాము?

ఇక పొరపాటున ప్రాణం తీసిన వాని విషయం. అదే సూరా 92వ ఆయతు అతన్ని వట్టి చేతులతో వదిలిపెట్టలేదు. మృతుని కుటుంబానికి దియత్ (రక్తపరిహారం) చెల్లించాలి. బానిసను విముక్తి చేయాలి, ఆ స్తోమత లేకపోతే ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసాలుండాలి. నిజమైన పొరపాటుకే ఇంత బాధ్యత ఉంటే, తెలిసి తాగి నడిపిన దానిని వట్టి పొరపాటు అనడం ఎలా కుదురుతుంది? ఇష్టపడి తాగినవాడు మత్తులో చేసిన ప్రాణహానికి బాధ్యుడేనని ధర్మశాస్త్ర పండితులలో అత్యధికులు అన్నారు.

దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2006లో ముంబయిలో ఒకడు తాగి కారు నడిపి, ఫుట్‌పాత్‌పై నిద్రిస్తున్న ఏడుగురి ప్రాణాలు తీశాడు. చంపాలన్న ఉద్దేశం లేకపోయినా, ప్రాణాలు పోగలవన్న ఎరుక ఉందని చెప్పి, 2012లో సుప్రీంకోర్టు అతని శిక్షను ఖాయం చేసింది.

తఖ్దీర్ అంటే

మరణ ఘడియ అల్లాహ్ చేతిలో ఉందని నమ్మడం ఈమాన్‌లో భాగమే. బాధితునికి అది ఓదార్పు. కాని అదే మాటను నేరస్తుడు సాకుగా వాడుకోకూడదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళుతూ, అక్కడ ప్లేగు ఉందని తెలిసి వెనుదిరిగారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపుకే వెళుతున్నామని బదులిచ్చారు. అపాయం నుంచి తప్పుకోవడం కూడా తఖ్దీరే. పెళ్ళి విందు దగ్గర తాగిన కుర్రాడి చేతిలోంచి తాళాలు లాక్కోవడమూ తఖ్దీరే.

"మన ఇళ్ళలో తాగేవారు లేరు" అని తేలికగా అనేయకండి. లారీలు, ఆటోలు నడిపే మన పిల్లలు ఎందరో ఉన్నారు. మద్యం విషయంలో దైవప్రవక్త (స) తాగేవాడినే కాక తయారుచేసేవాడిని, మోసేవాడిని, అమ్మేవాడిని, పోసేవాడిని కూడా శపించారని హదీసులు తెలుపుతున్నాయి. తెలిసి బండి ఇచ్చిన అన్న, వెనుక కూర్చున్న స్నేహితుడు తమకేమీ సంబంధం లేదని ఎలా అనగలరు? దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం ఈమాన్‌లో ఒక శాఖ అని కూడా ఆయన (స) బోధించారు. రాయీ ముల్లూ తొలగిస్తే పుణ్యమైనప్పుడు, తాగిన డ్రైవరును దారి నుంచి తప్పించడం ఎంత పుణ్యం!

బాధితుల హక్కు

మన పెద్దలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నలుగురూ కూర్చుని వితంతువుతో, "క్షమించమ్మా, పుణ్యం వస్తుంది" అంటారు. క్షమ గొప్పదే. కాని 92వ ఆయతు ఆ హక్కును మృతుని కుటుంబానికి ఇచ్చింది, మధ్యవర్తులకు కాదు. ఒత్తిడి చేసి పలికించినది క్షమాపణ కాదు, ఒక హక్కును కాజేయడం. అలాగే నష్టపరిహారాన్ని "రక్తపు డబ్బు" అని అసహ్యించుకోవలసిన పని లేదు. దియత్ షరీఅత్ ఇచ్చిన హక్కు. అది ముఖ్యంగా అనాథలైన పిల్లల సొమ్ము. దానిని వదులుకోమనే అధికారం బాబాయికీ లేదు, మామయ్యకూ లేదు.

చట్టప్రకారం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోగా దరఖాస్తు చేయాలి. ఆ గడువుపై సుప్రీంకోర్టులో సవాళ్ళు వచ్చినా, ఆలోగా వేయడమే మేలు. వితంతువు ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఆమె గడప దాటలేని ఆ కాలంలో ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం కాగితాల కోసం తిరిగేదెవరు? మూడు రోజులు అన్నం పంపి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. మస్జిదు కమిటీ ఒక చదువుకున్న యువకుడికి ఈ పని అప్పగించాలి. క్షతగాత్రుణ్ణి ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించకుండా 2019 చట్ట సవరణ రక్షణ ఇస్తోంది. 2025 మే నుంచి ప్రమాద బాధితునికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదు రహిత చికిత్స పథకం ఉంది. ఈ విషయాలు జుమా ప్రసంగాల్లో కూడా చెప్పాలి.

ఈసారి అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు "అల్లాహ్ రాత" అని తప్పక అనండి. ఆ ఇంటివారికి సహనం కావాలి. కాని లేచి వచ్చేముందు, "కాగితాలు నేను చూసుకుంటాను చెల్లెమ్మా" అని కూడా అనండి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనని ఖుర్ఆన్ బోధించింది. ఆ ప్రాణం మీద ఆధారపడి బతికినవారిని కాపాడే భాగ్యం కూడా అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.