ఎవరి పాపము?



పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఆ దోషము అతనిదా, కన్నవారిదా అని శిష్యులు ప్రభువు నడిగిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయములో ఉన్నది. ఆ మనుష్యుడు గ్రుడ్డివాడే గాని చెవిటివాడు కాడు. అతడు వినుచుండగా అడిగిరేమో యని మనము తలంపము.

తుమ్మలపల్లెలోను చుట్టుప్రక్కల పల్లెలలోను ఆ ప్రశ్న నేటికిని వినబడుచున్నది. హెచ్.ఐ.వి. ఉన్నవానికి మెడలో బిళ్ళ కట్టి, అది లింఫోమా అను క్యాన్సరని తేలినయెడల, దేవుడు రెండంతలు శిక్షించెనని రచ్చబండ మీదివారు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు దేవునిదా, మనదా?

హెచ్.ఐ.వి. దేహమును కాచు తెల్లకణములను క్షీణింపజేయును. ఎప్‌స్టైన్-బార్ అను వైరసు మనలో చాలమందియందు చిన్ననాటినుండి అణగియుండును, సంఘపెద్దలయందును ఉండును. కావలి బలహీనపడినప్పుడు అది చేరిన కణములు అదుపు తప్పి పెరుగుటచేత ఈ లింఫోమాలు అనేకము పుట్టుచున్నవి. తల్లినుండి హెచ్.ఐ.వి. సోకిన పసిబిడ్డకును రావచ్చును. ఆ బిడ్డను ఏ పాపము చేసితివని అడుగుదుము? ఏ.ఆర్.టి. మాత్రలు క్రమముగా మ్రింగువారికి ఈ ముప్పు తగ్గును గాని బొత్తిగా పోదు. కనుక మాత్రలు మానియుండునని నిందించుటయు తగదు. లింఫోమా అంటురోగము కాదు.

మన ప్రశ్నకు వెల కలదు. జ్వరము, రాత్రి చెమటలు, చిక్కిపోవుట, బిళ్ళలు క్షయలోను ఉండును, లింఫోమాలోను ఉండును. బిళ్ళనుండి ముక్క తీసి పరీక్షింపనిదే ఏదియో నిశ్చయింపరాదు. ఊరి నోటికి జడిసి మెడకు తువాలు చుట్టుకొని తిరుగువాడు ఆ పరీక్షకు పోడు. పోయినను తనకు హెచ్.ఐ.వి. ఉన్నదని చెప్పడు. నెలలు గడచును. మాత్రలతోపాటు కీమోథెరపీ ఇచ్చి ఈ రోగులను అనేకులను బ్రదికించుట నేడు సాధ్యమే. మాత్రలా, 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. మందు లేక కాదు, మన మాటలకు భయపడి ఆలస్యమగుచున్నది.

ప్రార్థన మనవులలో ఒక చిక్కు కలదు. కొందరు ప్రార్థన పేరుతో రోగి పేరును రోగము పేరును కూటమంతటికి చాటుదురు. దేవునికి అంత విలాసము చెప్పనక్కరలేదు. నమ్మి చెప్పినవాని సమ్మతి లేక అతని హెచ్.ఐ.వి. సంగతి బయలుపరచరాదని 2017లో చట్టము చేయబడి, 2018 సెప్టెంబరు 10న అమలునకు వచ్చినది. అట్లయిన భార్యకును దాచవచ్చునా యని అడుగుదురు. దాచరాదు, ఆమెయు పరీక్ష చేయించుకొనవలెను. గాని ఆ మాట భర్త చెప్పవలెను, అతడు చెప్పనియెడల వైద్యుడు చెప్పవచ్చును. ప్రక్కింటివారు కాదు.

కీమోథెరపీ తరచుగా 21 దినములకొకసారి, పలుమార్లు ఇత్తురు. ఆ దినమున రోగి ఒంటరిగా బస్సు ఎక్కలేడు. ఇంటివారికి వేరుశెనగ పీకుడు ఉండును. ఎవరు తోడు పోవలెనో, చార్జీలెట్లు కూర్చవలెనో ఆదివారము ఆరాధన తరువాత మాటలాడుకొందము. రోగమేమని ఎవరును అడుగనక్కరలేదు.